యాడికి పోవల్ల?

కర్నూలు దాటి బస్సు తుంగభద్ర బ్రిడ్జి ఎక్కిందంటే నా మాట తనంతట తానే మారిపోయేది. అనంతపురంలో కదిలినప్పటి నుంచి పామిడి, గుత్తి, డోన్, వెల్దుర్తి దాకా "యాడికి పోవల్ల?" అని అడుగుతూ టికెట్లు కొట్టిన దాన్ని, నది దాటుతానే "ఎక్కడికి వెళ్ళాలండీ?" అనేదాన్ని. అట్లా మాట్లాడమని నాకెవరూ చెప్పలేదు. నిజానికి అవతలి ఒడ్డున ఆలంపూర్ చౌరస్తాలో ఎక్కేవాళ్ళు కూడా "యాడికి" అనే అంటారు. వాళ్ళ కోసం కాదు నేను మారింది. బస్సులో మెత్తటి బ్యాగు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న హైదరాబాద్ ప్యాసింజర్ కోసం.

కండక్టర్‌గా పన్నెండేళ్ళు చేసినాక ఒకరోజు మా డ్రైవరన్న అడిగినాడు. "నీళ్ళు దాటుతానే నీకేమైతాదిమ్మా? వేరే మనిషెవురో ఎక్కినట్లుంటాది."

ఆయన మామూలుగానే అడిగినాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎప్పటి నుంచి మారుతున్నాను అని వెనక్కి వెనక్కి పోతే 1999 దగ్గర ఆగింది.

మాది తాడిపత్రి పక్కన పల్లె. మా నాయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. పదో తరగతిలో నాకు మంచి మార్కులు వచ్చినాయని మా మేనమామ అప్పు చేసి మరీ నన్ను విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కు చేర్పించినాడు. ఆ ఏడాది జనవరిలోనే మా రాయలసీమ ఫ్యాక్షన్ పగల మీద తీసిన ‘సమరసింహారెడ్డి’ సినిమా వచ్చింది. హాస్టల్‌కు పోయిన మొదటి రోజే నేను మా ఊరి పేరు చెప్పినా. గదిలో ఉన్న ఐదుగురిలో ఇద్దరు మంచం మీద వెనక్కి జరిగినారు. ఆట పట్టించడానికే జరిగినారు, అది నాకు తెలుసు. అయినా జరిగినారు. ఆ తర్వాత ప్రశ్నలు. మీ ఇంట్లో బాంబులు ఎక్కడ దాస్తారు? మీ ఊళ్ళో ఎన్ని సుమోలున్నాయి? మీ నాన్న ఎంతమందిని వేసేశాడు? నాకు పదహారేళ్ళు. మా ఊళ్ళో అప్పటికి ఒక్క సుమో కూడా లేదు. రెండు ట్రాక్టర్లు, ఒక పాత జీపు ఉండేవి. ఆ జీపు పెళ్ళిళ్ళకు, కాన్పులకు తిరిగేది.

దీపావళికి ముందు మా నాయన నన్ను చూడడానికి వచ్చినాడు. రాత్రంతా బస్సులో కూర్చొని, ఒక సంచి నిండా చెనిక్కాయలు, మా అమ్మ చేసిన ఓళిగలు మోసుకొని వచ్చినాడు. సీమ నాన్న వచ్చినాడని తెలిసి పక్క గదుల అమ్మాయిలు కూడా వరండాలోకి వచ్చి చూసినారు. మా నాయనకు మీసం లేదు. బక్క మనిషి. రాతి పొడికి దగ్గు పట్టుకుంది, నాలుగు మాటలకొకసారి ఆగి దగ్గుతాడు. భుజాన తువ్వాలు. ఒకమ్మాయి ముందుకొచ్చి, "అంకుల్, తొడ కొట్టి ఒక డైలాగ్ చెప్పండి" అంది.

ఆయనకు అర్థం కాలేదు. "డైలాగా? నాకేం తెల్సునమ్మా. మీరంతా అన్నం తింటిరా? ఇదో, ఈ చెనిక్కాయలు అందరూ పంచుకోని తినండి. మా మడిలోవి కాదులే, ఈసారి వాన్లు లేవు, అంగట్లో కొంటి" అన్నాడు.

"తింటిరా", "కొంటి" అన్న మాటలకు అందరూ పడీపడీ నవ్వినారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వినాడు, పిల్లోళ్ళు నవ్వుతున్నారు కదా అని. నాకు మాత్రం భూమిలోకి పోవాలనిపించింది. "నాన్నగారూ, మీకు బస్ టైమ్ అవుతోంది, వెళ్ళండి" అన్నా.

గేటు దాకా నేనే పోయినా. ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకొని, "నాయనా అని పిల్చేదానివి గదమ్మా. ఇప్పుడీ గారు ఏంటికి?" అని అడిగినాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినాడు. నేను జవాబు చెప్పలేదు. 2014లో ఆయన పోయేదాకా కూడా చెప్పలేదు.

ఇందులో నాకు ఇప్పటికీ నొప్పిగా ఉండే సంగతి ఇంకొకటుంది. సినిమాలో మా మాట వినబడితే మొట్టమొదట సంతోషపడింది మేమే. 1997 ఎండాకాలంలో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చినప్పుడు మా నాయన అందరినీ తాడిపత్రికి పిల్చుకొని పోయినాడు. అందులో విలన్ వేసిన జయప్రకాశ్ రెడ్డి అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ళ మనిషి. ఆయన నోరు తెరిస్తే అది నేర్చుకున్న యాస కాదు, పుట్టుకతో వచ్చిన మాట. హాల్లో ఈలలు, కేకలు. మా నాయన నా భుజం తట్టి, "మన మాట మాట్లాడ్తాండాడే!" అన్నాడు. అంతకు ముందు తెర మీద మా లెక్క మాట్లాడిన మనిషిని ఆయన చూసిందే లేదు. ఎన్నో ఏళ్ళుగా తెర మీద చూస్తున్న సినిమా, మొదటిసారి తనను చూసినట్లనిపించి ఉంటుంది ఆయనకు.

ఆ మాట మాట్లాడుతున్నది విలన్ అన్న సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు. జయప్రకాశ్ రెడ్డిది గొప్ప నటన. 2020లో ఆయన పోయినప్పుడు నేను కూడా బాధపడినా. తప్పు ఆయనది కాదు. ఆయన వేసిన బాటలో పొలోమని వెనక వచ్చిన వాళ్ళు, ఆ గొంతును తప్ప మా దగ్గర ఇంకేమీ వినలేదు. ‘సమరసింహారెడ్డి’ తర్వాత 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’. వరసగా అదే ఎర్ర మట్టి, అదే తెల్ల చొక్కాలు, గాల్లోకి లేచే బండ్లు. ఇంకో సంగతి గమనించినారా? చాలా సినిమాల్లో హీరో కూడా సీమవాడే, పెద్ద ఇంటి బిడ్డ, కానీ మాట్లాడేది మాత్రం కృష్ణా గుంటూరు తెలుగు. అదే ఊళ్ళో, అదే వీధిలో, విలన్‌కు మాత్రం సీమ మాట. చిన్నపిల్లోడు కూడా రెండు సినిమాలు చూస్తే చాలు, ఏ మాట మంచోళ్ళది, ఏ మాట చెడ్డోళ్ళది అన్నది వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

సినిమా మా మాటలోంచి కోపాన్ని ఒక్కదాన్నే తీసుకొని పోయింది. పొద్దున్నే లేచి "లెయ్ నాయనా, పొద్దెక్కింది" అని కొడుకును లేపేది ఈ మాటే. ఈనిన ఎనుముకు "తిను తల్లీ" అని కుడితి పెట్టేది ఈ మాటే. అంగట్లో ఎర్రగడ్డలు బేరం చేసేదీ, సంగటి ముద్ద చేతిలో పెట్టి "ఇంగొంచెం ఊరుబిండి ఏసుకో" అనేదీ, చనిపోయిన బిడ్డను తల్చుకొని ఆడమనిషి శోకం పెట్టేదీ ఈ మాటే. అవన్నీ తీసేసి, "ఏం రా" అన్న ఒక్క అరుపును మిగిల్చినారు. ఇప్పుడు ఎక్కడికి పోయినా మేము "ఏం" అంటే చాలు, ఎదుటి మనిషి బెదురుతాడు. మేము అడిగింది టైమెంతయిందని.

తాడిపత్రి పేరు చెప్తే కత్తి గుర్తుకొచ్చే వాళ్ళకు నేనొకటి చెప్తా. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి గారు పుట్టింది తాడిపత్రిలో. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డి గారు, ఆయన తమ్ముడు, విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి గారు కడప జిల్లాలో పులివెందుల వైపు వాళ్ళు. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. తెలుగువాళ్ళు ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ రోజుకీ చూసే సినిమాలను ఈ నేల బిడ్డలు తీసినారు. మా నాయన ఫ్యాక్టరీకి పోయే దావలో ఆ ఊరి మట్టే ఉంది. నాకు ఈ సంగతి తెలిసింది ముప్పై ఏళ్ళు దాటినాక. హాస్టల్లో తెలిసి ఉంటే ఆ రోజు వరండాలో తల ఎత్తుకొని నిలబడేదాన్నేమో.

ఫ్యాక్షన్ లేదు, అంతా సినిమావాళ్ళు పుట్టించినారు అని నేను చెప్పను. అట్లా చెప్తే మా పక్కింటి అక్కకు అన్యాయం చేసినదాన్నవుతా. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మొగున్ని తోట దగ్గర చంపినారు. గొడవ మొదలైంది పంచాయతీ ఎన్నికల్లో. ఆయన నాయకుడేం కాదు, నాయకుని వెనక తిరిగిన మనిషి. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో ఏ సినిమాలోనూ నేను చూడలేదు. సినిమాలో అయితే ఆమె జుట్టు విరబోసుకొని శపథం చేయాలి, లేకుంటే కొడుకు చేతికి కొడవలి ఇయ్యాలి. మా అక్క నెల తిరిగేసరికి చెనిక్కాయలు పెరికే కూలికి పోయింది. ఆమె నాలుగెకరాలు ఏళ్ళ తరబడి బీడు పడినాయి, ఎందుకంటే ఆ చేనులో మడక కట్టే ధైర్యం కౌలుకు తీసుకునే వాళ్ళకు కూడా లేదు. వాయిదాలకు అనంతపురం కోర్టుకు తిరిగి తిరిగి ఎనుమును అమ్ముకుంది. కొడుకును బళ్ళారిలో అన్న ఇంట్లో పెట్టి చదివించింది. వాడు పెద్దయినాక ఊరికి వస్తే, మొదట చెప్పిన మాట, "మీసం తీసేయ్ నాయనా." ఆమెకు ఆ మీసమంటేనే భయం. ఇప్పుడు వాడు బళ్ళారిలో మెడికల్ షాపులో పని చేస్తున్నాడు.

బాంబు పేలేది ఒక నిమిషం. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఒక ఆడమనిషి మోసే బతుకు ఉంది చూడు, అది ఫ్యాక్షన్. అనంతపురం దేశంలోనే వానలు చాలా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. వేసిన చెనిక్కాయ ఎండిపోతే మూట కట్టుకొని బెంగళూరు పోయి బిల్డింగు పనుల్లో చేరతారు మా వాళ్ళు. ఆ మూటలు నా బస్సు టాపు మీదికి ఎన్ని ఎక్కినాయో! ఒక్కో మూటలో ఒక్కో సినిమా ఉంది. ఎవరూ అడగలేదు.

ఇదంతా బయటివాళ్ళ మీద ఫిర్యాదుగానే మొన్నటి దాకా నా మనసులో ఉండేది. మా చిన్నమ్మ కొడుకు హైదరాబాదులో గది కోసం తిరిగేటప్పుడు ఓనర్లు ఊరడిగితే "బెంగళూరు పక్కన" అని చెప్పేవాడు. కర్నూలులో దిగే కుర్రవాళ్ళు "కొండారెడ్డి బురుజు ఎటు?" అని అడిగి, ‘ఒక్కడు’ సినిమాలో కొట్టుకున్న చోటే వెతుక్కొని అదే ఫోజులో ఫోటో దిగుతారు. విజయనగర రాజుల కాలపు కోట అది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మూడేళ్ళు రాజధానిగా ఉన్న ఊరు అది. అవి వాళ్ళకెవరూ చెప్పలేదు, సినిమాలో కొట్లాట ఒక్కటే చూపించినారు. సరే అనుకునేదాన్ని.

పోయిన ఏడాది నా కొడుకు స్కూల్లో యాన్యువల్ డే జరిగింది. వాడు తొమ్మిదో తరగతి. అనంతపురం నడిబొడ్డున, సీమ పిల్లోళ్ళు సీమ పిల్లోళ్ళ కోసం వేసిన స్కిట్. తెర లేస్తే వాడు తెల్ల చొక్కా, తెల్ల పంచె, కాటుక మీసంతో వచ్చినాడు. అట్ట ముక్కకు వెండి కాగితం అంటించి చేసిన కొడవలి చేతిలో ఉంది. తొడ కొట్టి, కండ్లు పెద్దవి చేసి అరిచినాడు. ఆ మాట మా ఇంటి మాట కాదు. సినిమావాళ్ళు మా మాటను తీసుకొని పోయి, వంకరలు తిప్పి, సాగదీసి చేసిన ఇంకో మాట. నా కొడుకు తన సొంత మాటను టీవీలో చూసి నేర్చుకున్నాడు, అది కూడా తప్పుగా. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న వాళ్ళు "మీ వాడు భలే చేసినాడక్కా" అన్నారు.

మా అమ్మ రెండో వరసలో నా పక్కనే ఉంది. ఆమె చప్పట్లు కొట్టలేదు. నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "వాడేంటికమ్మీ అట్ల అరుస్తాండాడు? వాళ్ళ తాత ఎప్పుడన్నా అట్ల అరిచినాడా?"

వాళ్ళ తాత. హాస్టల్ వరండాలో "అన్నం తింటిరా" అని అడిగిన మనిషి. పాతికేళ్ళ కిందట ఎవరో అమ్మాయి అడిగిన డైలాగ్‌ను ఇప్పుడు ఆయన మనవడు మీసం పెట్టుకొని చెప్తున్నాడు, ఎవరూ అడగకుండానే. బయటివాళ్ళు మా గురించి ఏమనుకుంటారో అన్నది చిన్న విషయమని ఆ క్షణంలో తెలిసింది నాకు. బండి వెనక కొడవలి బొమ్మ అంటించుకొని, పెళ్ళి ఫ్లెక్సీలో సింహం పక్కన నిలబడే మా పిల్లోళ్ళు తామెవరో ఆ సినిమాల్లో చూసి తెలుసుకుంటున్నారు. కొరియర్ ఆఫీసులో మూటలు మోసే పిల్లోడు వాట్సాప్ స్టేటస్‌లో ఫ్యాక్షన్ లీడర్. వాడికి గౌరవం కావాలి, పాపం. ఈ నేల మీద పుట్టినందుకు దొరికే గౌరవం ఇదొక్కటే అని వాడికి చూపించినారు.

ఇంటికి పోయినాక నేను వాన్ని తిట్టలేదు. మీసం కడుక్కోమని చెప్పి, వాళ్ళ తాత చెనిక్కాయల సంచి కథ మొత్తం చెప్పినా. నేను "వెళ్ళండి" అన్న సంగతి కూడా దాచలేదు. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నువ్వు ఏంటికమ్మా అట్లంటివి?" అని మాత్రం అడిగినాడు. ఆ ప్రశ్న వాడి నోట్లో అచ్చం మా నాయన అడిగినట్లే వచ్చింది.

తర్వాత ఒక ఆదివారం ఫోన్‌లో ‘సినిమా బండి’ పెట్టినా. 2021లో వచ్చింది. ఆంధ్రా కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె, అక్కడి ఆటో డ్రైవరు, ఎవరో ఆటోలో మర్చిపోయిన కెమెరా. అందులో మాట మా హిందూపురం వైపు మాటకు చానా దగ్గర. కత్తులు లేవు. మొదటి పావుగంటలోనే మా అమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది. వాడన్నాడు, "అమ్మా, వీళ్ళు అవ్వ మాట్లాడినట్లే మాట్లాడ్తాండారు." నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. 1997లో తాడిపత్రి హాల్లో మా నాయన అన్న మాటే అది. ఈసారి మాట్లాడుతున్న వాళ్ళు ఎవరినీ చంపడం లేదు.

తెలంగాణ మాటను కూడా చాలా ఏళ్ళు రౌడీకి, కమెడియన్‌కే ఇచ్చినారు. శ్రీకాకుళం మాట ఇంటి పనిమనిషికి. 2017లో ‘ఫిదా’లో హీరోయిన్ తెలంగాణ మాటలోనే నవ్వి, అలిగి, ప్రేమిస్తే, నా బస్సులో ఆడపిల్లలు ఆ మాటలు ముద్దుగా చెప్పుకోవడం విన్నాను. అంటే జరిగే పనే. మా వైపు 2018లో ‘అరవింద సమేత’లో హీరోనే సీమ మాట మాట్లాడినాడు, కత్తి దించాలన్నది కథ, ఆడవాళ్ళ మాటకు అందులో విలువుంది. సంతోషమే. అయితే ఆ కథ కూడా నరుక్కోవడంతోనే మొదలైంది. నాకు కావాల్సింది సీమ మాటలో లాలిపాట పాడే సినిమా. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ లాంటి వాళ్ళు కథల్లో మా కరువును, మా ఇండ్లను, మా మనుషుల మంచిని ఎప్పుడో రాసిపెట్టి పోయినారు. తీసేవాళ్ళు ఆ పుస్తకాలు తెరిస్తే చాలు.

నెలకు నాలుగైదు సార్లు ఇప్పటికీ నాకు హైదరాబాద్ డ్యూటీ పడుతుంది. కర్నూలు బస్టాండులో ఎక్కిన వాళ్ళ టికెట్లు కొట్టేసరికి సరిగ్గా బ్రిడ్జి వస్తుంది. మొన్న నీళ్ళు నిండుగా ఉన్నాయి. ముందు సీట్లో ఒక ముసలాయన, చేతిలో ఆసుపత్రి కాగితాల కవరు. నేను మిషన్ చేతిలో పట్టుకొని, గొంతు తగ్గించకుండానే అడిగినా. "యాడికి పోవల్ల తాతా?"

"ఉస్మానియాకు పోవల్ల తల్లీ. యాడ దిగల్నో నువ్వే జెప్పు."

"ఎంజీబీఎస్ బస్టాండులో దిగు. నేను ఆటో ఎక్కిస్తాలే. అన్నం తింటివా?"

ఆయన వెనక కిటికీ పక్కన ఒకమ్మాయి కూర్చొనుంది. ఒళ్ళో మెత్తటి బ్యాగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అప్పటిదాకా ఫోన్‌లో ఎవరితోనో "వచ్చేస్తున్నానండీ, రాత్రికి వచ్చేస్తా" అంటూ ఉంది. నేను ఆమె దగ్గరికి పోయేసరికి ఇయర్‌ఫోన్లు తీసి నన్ను ఒక క్షణం చూసింది.

"నాకూ ఎంజీబీఎస్‌కొగటి ఇయ్యక్కా" అంది. "మాది వెల్దుర్తి."